ఎద్దులు మళ్ళిన జాగా



చేను ఎట్లా ఉన్నదని అడిగితే మనం నడిచేనును చూచి జవాబు చెబుతాము. పైరు ఏపుగా ఉన్నదనో, పదును చాలలేదనో అంటాము. చేను కొసలను చూచి చెప్పేవారు తక్కువ. సాలు ముగిసిన తరువాత, గట్టు మొదలయ్యే ముందు, అటు ఒకటి ఇటు ఒకటి రెండు పట్టీల నేల ఉంటుంది. మడక పైకి లేచేది అక్కడ. కాడి తిరిగేది అక్కడ. ఎద్దు ఊపిరి పీల్చుకొనేదీ అక్కడనే. దానికి ఊరికొక పేరు ఉండవచ్చు. మనం ఇక్కడ మలుపు జాగా అని పిలుచుకొందాము.

చరిత్ర అంటే రాజులదీ కోటలదీ గదా, గట్టుపక్క పట్టీకి చరిత్రేమిటి అని నవ్వకండి. ఎకరం ఎందుకు అంత ఉన్నది, పొలం ఎందుకు పొడుగ్గా ఉన్నది, అన్నదమ్ముల పంపకం నిలువునా మంచిదా అడ్డంగా మంచిదా, పక్క చేని రైతుతో తగవు ఎక్కడ పుడుతుంది అనే ప్రశ్నలకు సగం జవాబు ఆ మలుపులోనే దొరుకుతుంది.

మాట కోసం పగిడ్యాల ప్రాంతాన్నే తీసుకొందాము. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడేదాకా ఈ మండలం కర్నూలు జిల్లాలోనిది. అంతకుముందు నందికొట్కూరు తాలూకా అనేవారు. ఉత్తరాన కృష్ణ, శ్రీశైలం జలాశయపు వెనుకనీళ్ళు. చుట్టూ నల్లరేగడి. ఎండితే నోళ్ళు తెరుస్తుంది, తడిస్తే కాలికి పట్టుకొని వదలదు. ఇటువంటి నేలలో పశువును మళ్ళించడం తేలికపని కాదు.

కాడి ఎట్లా తిరుగుతుందో ఒకసారి కళ్ళముందు పెట్టుకోండి. ఎడమవైపున దాపటి ఎద్దు, కుడివైపున వలపటి ఎద్దు. ఎడమకు మళ్ళాలంటే దాపటిది ఉన్నచోటనే చిన్న అడుగులు వేస్తుంది. వలపటిది దాని చుట్టూ పెద్ద అర్ధచక్రంగా నడిచి వస్తుంది. అందుచేత నిదానమైన ఎద్దు ఒకవైపు, చురుకైనది మరొకవైపు ఉంటే మలుపు సులువు. మంచి సేద్యగాడు మలుపులోనే తెలుస్తాడు. సాలు తిన్నగా తోలడం చాలామందికి వస్తుంది. కొసకు వచ్చినప్పుడు కర్రు ఎత్తి, మేడి ఒక చేత్తో పట్టుకొని, ఎద్దును కొట్టకుండా, పక్క సాలు చెరగకుండా తిప్పి వేయడం కొందరికే వస్తుంది.

గుంటక తోలేటప్పుడు మలుపులో ఇంకొక పని ఉన్నది. పాసకు చుట్టుకొన్న గడ్డినీ వేళ్ళనూ అక్కడ దులుపుతారు. గొర్రుతో విత్తేటప్పుడు జడ్డిగంలో గింజలు పోసే ఆమె కొసకు రాగానే పిడికిలి మూయాలి. ఒక్క క్షణం ఆలస్యమయితే గింజలన్నీ గట్టు దగ్గర కుప్పపడతాయి. తెరవడం ఆలస్యమయితే సాలు మొదట్లో బోసి. పైరు మొలిచిన తరువాత చేను కొసలు చూస్తే, విత్తిన రోజున ఎవరి చేయి ఎట్లా ఆడిందో చెప్పవచ్చు.

ఈ మలుపు బాధ మనదొక్కటే కాదు. ప్రాచీన గ్రీకులు ఒక వరుస ఎడమ నుంచి కుడికి, తరువాతి వరుస కుడి నుంచి ఎడమకు వ్రాసే ఒక పద్ధతి ఉండేది. దానికి వాళ్ళు పెట్టిన పేరుకు 'ఎద్దు మళ్ళినట్లు' అని అర్థం. వ్రాతకు పోలిక వెదకబోతే వారికి చేనే కనిపించింది.

ఇంగ్లండులో నడియుగపు రైతులు బరువైన మడకకు ఎనిమిదేసి ఎద్దుల దాకా కట్టేవారు. అంత పొడుగు వరుస మళ్ళడమంటే మాటలా? కాబట్టి మలుపులు తగ్గేటట్లు సాళ్ళను పొడుగు చేసినారు. ఫర్లాంగు అనే మాట మనకూ తెలిసినదే. దాని అసలు అర్థం 'సాలు పొడుగు'. 220 గజాలు, అంటే 660 అడుగులు. కొస ఇంకా దూరం ఉండగానే ముందరి ఎద్దులను ఒకవైపుకు ఒరిగించి మళ్ళింపు మొదలుపెట్టేవారు. అందువల్ల ఆ సాళ్ళు తిన్నగా ఉండక పాము మెలికలాగా వంకరపోయినవి. ఆ మడకలు పోయి వందల ఏండ్లయినా, ఎన్నడూ తిరిగి దున్నని పచ్చికబీళ్ళలో ఆ వంకర గాళ్ళు, కొసల్లో మట్టి పోగుపడిన దిబ్బలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఒక ఫర్లాంగు పొడుగు, 22 గజాల వెడల్పు ఉన్న ముక్కే ఎకరం. అంటే 660 అడుగులు, 66 అడుగులు. 1620 ప్రాంతంలో ఎడ్మండు గంటర్ అనే ఆంగ్లేయుడు తయారు చేసిన కొలత గొలుసు పొడుగు సరిగ్గా ఆ 66 అడుగులే. ఆ లెక్కే కుంఫిణీవారితో మన దేశానికి వచ్చినది. 1800లో నిజాము మన సీమను కుంఫిణీకి ఇచ్చిన తరువాత కలెక్టరుగా వచ్చిన మన్రో దత్తమండలాల్లో పొలాలు కొలిపించినాడు. 33 అడుగుల చదరం గుంట. నలభై గుంటలు ఎకరం. 33 అంటే ఆ 66లో సగమే గదా! కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు ఏలుబడిలో ఉండినది. 1858లో మద్రాసు రాజధాని సర్వే శాఖ పుట్టిన తరువాత మన పొలాలకూ గొలుసు పడినది, రాళ్ళు పడినవి, నంబర్లు పడినవి. చూచినారా! ఎక్కడో చలిదేశంలో ఎద్దుల బారు మళ్ళలేక సాగదీసిన సాలు పొడుగు, పగిడ్యాల రైతు పట్టాలో ఎకరాలై కూర్చున్నది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాము. పలక ఉంటే తీసుకోండి. ఎకరం చేను 660 అడుగుల పొడుగు, 66 అడుగుల వెడల్పు ఉన్నదనుకొందాము. మూడడుగుల వెడల్పు గొర్రుతో పొడుగునా విత్తితే 22 సాళ్ళు పడతాయి. కాడి మళ్ళడానికి ఒక్కొక్క కొసన పది అడుగులు వదిలితే రెండు కొసలకూ కలిపి మూడు సెంట్లు. అదే ఎకరం నలుచదరంగా ఉంటే పక్కకు 209 అడుగులు. అప్పుడు సుమారు 70 సాళ్ళు, మలుపు జాగా తొమ్మిదిన్నర సెంట్లు. మొదటి చేనునే అడ్డంగా విత్తే తెలివితక్కువ పని చేస్తే 220 సాళ్ళు, మలుపు జాగా ముప్పై సెంట్లు! నేల అదే, ఎద్దులు అవే, గింజలు అవే. మలుపులు మాత్రం పదింతలు.

ఈ జాగా బీడుగా పోతుందని కాదు. పెద్దలు దాన్నీ వదలలేదు. నడిచేను ముగించి, ఆఖరున ఆ రెండు పట్టీలలో గట్టు వెంబడి అడ్డసాళ్ళు తోలి విత్తేవారు. కాని అప్పటికే ఎద్దుల డెక్కలు వందసార్లు తొక్కిన నేల అది. దానికి రెండింతల పని, సగం పంట. దక్కను నల్లరేగళ్ళలో జొన్నచేని చుట్టూ కుసుమ సాళ్ళు పెట్టే ఆచారం ఉన్నది. కుసుమకు ముళ్ళు. పశువు మూతి పెట్టదు. చేని అంచు ఎట్లాగూ అణగిన నేల. అక్కడ కంచెకు కంచె, నూనెగింజకు నూనెగింజ. ఇంత ఆలోచన ఉన్నది అందులో.

ఇంకొక ఉపాయం కొండ్ర. చేను నడుమ ఒక ముక్కను గీటు గీసి వేరుచేసుకొని, ఒక పక్క సాలు వేసి, దాని పక్కనే కాక కొంత దూరాన ఎదుటి పక్కకు పోయి తిరిగి రావడం. అప్పుడు ఎద్దు ఉన్నచోటనే గిరగిర తిరగనక్కరలేదు. నడుచుకుంటూ విశాలంగా మళ్ళుతుంది. మెడ ఒరుసుకుపోదు, కాడి మెలికపడదు.

ఇనుప మడక వచ్చిన తరువాత ఈ కొండ్ర మరీ అవసరమయింది. కర్ర మడక మట్టిని రెండు పక్కలకూ చీలుస్తుంది. కాబట్టి పోయిన సాలు పక్కనే తిరిగి రావచ్చు. రెక్క ఉన్న ఇనుప మడక అట్లా కాదు, మట్టిని ఒకే పక్కకు బోర్లిస్తుంది. పోయిన దారి పక్కనే తిరిగి వస్తే పెళ్ళలు ఒకదానికొకటి ఎదురెదురు పడతాయి. అందుకని చుట్టు తిరుగుతూనే దున్నాలి. కిర్లోస్కర్ లక్ష్మణరావు 1903లో తన మొదటి ఇనుప మడకను చేసినాడు. అటువంటి మడకలు వేళ్ళు లోతుకు దిగే గడ్డిని పెకలించడానికి దక్కను నల్లరేగళ్ళకు మంచి సాధనాలయినవి. అయితే ఎప్పుడూ గట్టు దగ్గర మొదలుపెట్టి లోపలికి చుట్టుకుంటూ పోతే మట్టి ఏటేటా గట్లకు చేరుతుంది, నడుమ గుంట పడుతుంది. వాన నీరు ఆ గుంటలో నిలుస్తుంది. ఒక ఏడు అంచు నుంచి, మరొక ఏడు నడుమ నుంచి మొదలుపెట్టడం దీనికి విరుగుడు.

మలుపే లేకుండా దున్నలేమా అని ఆలోచించినవారూ ఉన్నారు. 1858లో ఇంగ్లండులో జాన్ ఫౌలర్ ఆవిరి మడకకు రాజసంఘం బహుమానం వచ్చింది. ఆ పద్ధతిలో ఆవిరి యంత్రం చేనులో అడుగుపెట్టదు. గట్టు మీదనే నిలిచి, తీగమోకుతో మడకను ఈ కొస నుంచి ఆ కొసకు లాగుతుంది. మడకకు రెండు వైపులా కర్రులు. ఉయ్యాలబల్లలాగా ఇటు వంచితే ఇటు, అటు వంచితే అటు. తిరిగే పని లేదు! కాని యంత్రం నడవడానికి చేని కొసన గట్టి బాట కావలసి వచ్చింది. మలుపు పోయి బాట వచ్చినది, అంతే తేడా. మద్రాసు దగ్గర సైదాపేట ప్రభుత్వ క్షేత్రం 1860లలో ఇటువంటి కొత్త పనిముట్లను తెప్పించి చూచే ఉద్దేశ్యంతోనే మొదలయింది. చిన్న కమతాల మన దేశంలో ఆవిరి మడక వేరూనలేదు.

ఆ రోజుల్లోనే మన పక్క మరొక మార్పు జరిగింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కర్నూలు–కడప కాలువ తవ్వించింది. 1882లో ప్రభుత్వం దాన్ని కొన్నది. కాలువ నేల వాలును బట్టి వంపులు తిరుగుతుంది గాని మన చేని గీటును చూచి తిరగదు. దాని వెంట పిల్లకాలువలు వచ్చినవి. వరి మళ్ళు వచ్చినవి. పొడుగు చేలు తెగి, మూడు మూలల చెక్కలూ, మెడ నొక్కినట్లున్న ముక్కలూ ఏర్పడినవి. మూడు మూలల చెక్కలో ప్రతి సాలూ వెనుకటి సాలు కంటె పొట్టి. మలుపులు ఎక్కువ, నడక తక్కువ. 2017లో ముచ్చుమర్రి ఎత్తిపోతల మొదలయి, శ్రీశైలం నీళ్ళు కే.సి. కాలువకు తోడు వచ్చినవి. నీరు వచ్చినచోట గట్టుకు విలువ పెరుగుతుంది. గట్టుకు విలువ పెరిగినచోట అడుగు నేలకూ తగవు పెరుగుతుంది.

ఇక ట్రాక్టరు సంగతి. 1947లో మొదలయిన కేంద్ర ట్రాక్టరు సంస్థ, యుద్ధం ముగిసిన తరువాత అమెరికా సైన్యం వదలిపోయిన యంత్రాలతో మధ్యభారతంలో రెల్లుగడ్డి పట్టిన బీళ్ళను దున్నింది. అక్కడ చేను కొస కంటికి కనిపించేది కాదు. మలుపు గురించి ఎవరికీ చింత లేదు. 1959లో ఫరీదాబాదులో ఐషర్ ట్రాక్టరు తయారయింది. తరువాత ఒకటొకటిగా ఊళ్ళకు వచ్చినవి. ఇప్పుడు సొంత ట్రాక్టరు లేని రైతు కూడా బాడుగకు పిలిచి దున్నించుకొంటున్నాడు.

యంత్రం పెద్దదయింది. చేను మాత్రం అన్నదమ్ముల పంపకాలలో చిన్నదయింది. అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. ఇందాకటి లెక్కలో పది అడుగులకు బదులు ఇరవై అడుగులు పెట్టండి. పొడుగు ఎకరంలో ఆరు సెంట్లు, నలుచదరంలో పంతొమ్మిది సెంట్లు మలుపు కిందకు వస్తాయి. పొడుగు చేనును నడుమకు అడ్డగట్టు వేసి ఇద్దరు పంచుకొన్నారనుకోండి. రెండు కొసలు నాలుగు అవుతాయి. ఆరు సెంట్లు పన్నెండు అవుతాయి. నిలువునా చీల్చుకొంటే సాలు పొడుగు చెడదు, కొసలూ పెరగవు. పంపకం రోజున పెద్దమనుషులు ఈ మాట తలచుకొంటే ఎంత మేలు!

ఎద్దు గట్టు తొక్కితే గడ్డి నలుగుతుంది. ట్రాక్టరు గట్టు ఎక్కితే గట్టే పోతుంది. ఒక పక్క బ్రేకు నొక్కి బిగువుగా తిప్పినప్పుడు వెనుక చక్రం నేలను గోకి గుంట చేస్తుంది. పదును మీద ఉన్న నల్లరేగడి అట్టే అణగిపోతుంది. ఆ చోట వేరు దిగదు, నీరు ఇంకదు. శనగచేలలో కొసలు పచ్చబడక ముందే వడలిపోవడం చూస్తే తెగులని మందు కొట్టడానికి పరుగెత్తకండి. ముందు ఒక పార తీసుకొని తవ్వి చూడండి. నంద్యాల పరిశోధన స్థానం యంత్రంతో కోయడానికి అనువుగా నిటారుగా ఎదిగే ఎన్.బి.ఇ.జి.-47 అనే శనగను తయారు చేసింది. పంట యంత్రానికి సిద్ధమయింది, మంచిదే. అయితే ఆ కోతయంత్రం మళ్ళేదెక్కడ అనే ప్రశ్నకు విత్తనం జవాబు చెప్పలేదు. అది విత్తే రోజునే మనం చెప్పుకోవలసినది.

ఇంట్లో పిల్లవాడు సెల్లుఫోనులోనో కంప్యూటరులోనో ట్రాక్టరు తోలే ఆట ఆడడం మీలో చాలామంది చూచి ఉంటారు. స్విట్జర్లాండులోని జెయింట్స్ అనే సంస్థ 2008లో 'ఫార్మింగ్ సిమ్యులేటర్' అనే ఆటను తెచ్చింది. దున్నడం, విత్తడం, కోయడం అన్నీ తెర మీదనే. 2024లో వచ్చిన దానిలో వరిపంట కూడా ఉన్నది. 'పనిలేని ఆట' అని కోప్పడకుండా ఒకసారి పక్కన కూర్చొని చూడండి. ఆ ఆటలో ఆరితేరినవారు ముందుగా చేని అంచు చుట్టూ కొన్ని సాళ్ళు తోలి, మలుపు జాగా ఏర్పరచుకొని, తరువాతనే నడిచేనుకు పోతారు. కొసలు చూచుకోకుండా ఆటలోని జీతగాడికి బండి అప్పగిస్తే వాడు కంచెకో చెట్టుకో తగులుకొని నిలబడిపోతాడు. పని ఆగిపోతుంది. అంటే, తెర మీది సేద్యం కూడా మలుపును మరువనివ్వదు. మన తాతల పాఠమే అది.

కాని తేడా ఎక్కడ ఉన్నదో చూడండి. ఆ ఆటలో చక్రం కింద పైరు నలగాలా వద్దా అని ముందే నిర్ణయించుకొనే మీట ఒకటి ఉన్నది. వద్దనుకొంటే పైరు మీద ఎన్నిసార్లు మళ్ళినా నష్టం లేదు. మన చేనుకు ఆ మీట లేదు. ఆటలో పక్క చేను కావాలంటే డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. దానికి కాపలా ఉండే మనిషి లేడు. మన పక్క చేనుకు మనిషి ఉన్నాడు. పొద్దున లేస్తే మొగమొగాలు చూచుకోవలసిన మనిషి. వాని బిడ్డ పెళ్ళికి మనం పోవాలి, మన యింటి చావుకు వాడు రావాలి.

పాత సేద్యంలో ఈ మనిషిని కలుపుకొనే మలుపు ఉండేది. పక్క చేను ఇంకా విత్తలేదంటే కాడి నాలుగడుగులు అవతలికి పోయి మళ్ళేది. 'అన్నా, కొంచెం నీ చేనులోకి వస్తాను' అంటే 'రా తమ్ముడూ, రేపు నేనూ వస్తాను గదా' అనేవాడు. అది ఏ పట్టాలోనూ వ్రాయలేదు. అప్పు తీసుకొని తీర్చిన నేల అది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో డ్రోన్లతో భూముల రీసర్వే మొదలయింది. హద్దు ఎక్కడ ఉన్నదో సన్నగా తేల్చగల సాధనాలు వచ్చినవి. సంతోషమే. కాని హద్దు మీద ఇద్దరూ ఎట్లా మళ్ళాలో ఏ యంత్రమూ గీయదు.

కాబట్టి చదివే మీకు నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొదటిది. తొలిసాలు వేసే ముందు గట్టు మీద ఒకసారి నడవండి. పొడుగు ఎటు ఉన్నదో చూచి సాలు అటు తోలించండి. అయితే నేల వాలు కూడా చూడాలి. వాలు వెంబడి సాలు పడితే మట్టి కోసుకుపోతుంది. వాలుకు అడ్డంగా పొట్టి సాళ్ళే అవసరమయితే మలుపుల ఖర్చు భరించడమే మేలు.

రెండవది. యంత్రానికి కావలసిన మలుపు జాగాను మీ చేనులోనే ముందుగా గీటు గీసి వదలండి. దాన్ని ఆఖరున అడ్డసాళ్ళతో విత్తండి. ఆ పట్టీలో పశువుల మేతకు జొన్న వేసినా నష్టం లేదు. పదును ఎక్కువగా ఉన్నప్పుడు అక్కడ బండిని గిరగిర తిప్పనివ్వకండి. ఒక సాలు పక్కనే మరొకటి కాక, కొండ్ర పద్ధతిన దూరం వదిలి తిరిగితే ట్రాక్టరుకూ మలుపు తేలిక.

మూడవది. బండిదారిని మలుపులో కలుపుకోకండి. గ్రామ నక్షాలో రస్తాగా ఉన్నది అందరి సొత్తు. ఏటా ఒక సాలు చొప్పున దున్నుకుంటూ పోతే, ఒకనాటికి లోపలి చేని రైతుకు పంట ఇంటికి తెచ్చుకొనే దారి ఉండదు.

నాలుగవది. పక్క రైతుతో ముందే మాట్లాడండి. ఇద్దరూ ఒకేరోజు ట్రాక్టరు పిలిపించి, నడుమ ఎత్తు గట్టు లేనిచోట రెండు చేలనూ ఒకే సాలుగా తోలిస్తే నడిమి మలుపులు రెండూ పోతాయి. బాడుగ గంటల లెక్కన గదా! మలుపులో తిరిగిన నిమిషం కూడా మీ జేబులోదే.

నేల కొలత గొలుసుతో వచ్చింది, హద్దు రాయితో వచ్చింది, యంత్రం బాడుగతో వచ్చింది. మలుపు మాత్రం ఎప్పుడూ మాటతోనే వచ్చింది. ఈసారి పదునుకు మడకో ట్రాక్టరో కట్టే ముందు గట్టు అవతలి మనిషిని ఒక కేక వేసి పిలవండి. ఏ కొసన ఎవరు ఎట్లా మళ్ళాలో ఇద్దరూ నిలబడి అనుకొన్న తరువాతనే సాలు మొదలుపెట్టండి.